పట్టు అంతా వేడిలోనే: విశాఖ రోడ్లకూ రేస్ ట్రాక్‌కూ స్పోర్ట్స్ బైక్ టైర్ల ఎంపిక

విశాఖపట్నంలో స్పోర్ట్స్ బైకు ఉన్నవారికి మంచి దారుల కొరత లేదు. ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే రోడ్డు, సింహాచలం కొండ మలుపులు, శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అరకు చేరే ఘాట్ రోడ్డు, ఇవన్నీ పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి తిరిగి ఇల్లు చేరగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వీటికి తోడు, వీలు దొరికినప్పుడు చెన్నై వెళ్లి రేస్ ట్రాక్‌పైనా బండి నడిపి రావాలనుకునేవారు ఉన్నారు. బండితో పాటు వచ్చిన టైర్లు అరిగిపోయి కొత్తవి వేయించాల్సిన రోజున వీరిలో ఎక్కువమంది షాపులో అడిగే ప్రశ్న ఒక్కటే: అన్నిటికన్నా ఎక్కువ గ్రిప్ ఉన్న టైరు ఏది? దీనికి జవాబుగా ఏదో ఒక పేరు చెప్పడం తేలికే గాని, ప్రశ్నే సగం అడిగినట్టుంది. ఆ గ్రిప్ ఎంత వేడి దగ్గర కావాలన్నది మిగతా సగం. స్పోర్ట్స్ టైర్ల ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఆ సగాన్ని వదిలేయడమే.

రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. తారులోని కంకర మొనల మీద నొక్కుకొని, వాటి ఆకారానికి ఒదిగి, తిరిగి తన ఆకారానికి కాస్త ఆలస్యంగా రావడం ఒకటి. ఆ ఆలస్యం వల్లే జారుడుకు అడ్డుపడే బలం పుడుతుంది. రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలానికి క్షణకాలం అతుక్కొని విడిపోవడం రెండోది. రెండూ ఉష్ణోగ్రత మీద ఆధారపడినవే. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుపోయి కంకర సందుల్లోకి ఒదగదు. మరీ వేడెక్కితే పైపొర జిడ్డుగా మారి ఉండలు కట్టి రాలిపోతుంది. ఈ రెండు హద్దుల నడుమ ఒక టైరు ఏ ఉష్ణోగ్రత దగ్గర బాగా పనిచేస్తుందన్నది దాని కాంపౌండును బట్టి, అంటే రబ్బరులో కలిపిన కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు, రెజిన్ల పాళ్లను బట్టి ఉంటుంది. సిలికా పాలు ఎక్కువగా ఉన్న రోడ్డు టైరు ఇంకా పూర్తిగా వెచ్చబడకముందే, తడి రోడ్డు మీద కూడా, చెప్పుకోదగ్గ పట్టునిస్తుంది. రేసు కోసం పైన గాట్లు లేకుండా తయారైన స్లిక్ టైరుకు మాత్రం ట్రాక్‌లోకి దిగేముందే టైర్ వార్మర్లు చుట్టి 80, 90 డిగ్రీల దాకా వేడిచేస్తారు. అలా వేడిచేయని స్లిక్ టైరుతో మొదటి మలుపులో బండిని గట్టిగా వాల్చితే చక్రం జారిపోయే ప్రమాదం నిజంగా ఉంటుంది.

ఆ వేడి పుట్టించేది ఏమిటన్నది తరువాతి ప్రశ్న. చక్రం తిరిగే ప్రతిసారీ నేలను తాకిన చోట టైరు నొక్కుకొని మళ్లీ లేస్తుంది; గట్టిగా బ్రేకు వేసినా, గట్టిగా యాక్సిలరేటర్ తిప్పినా రబ్బరు తారుమీద కొద్దికొద్దిగా జారుతూ రాసుకుంటుంది. ఈ రెండింటి నుంచే వేడి వస్తుంది. 1000 సి.సి. సూపర్‌బైకు ఇంజను 200 హార్స్‌పవర్‌కు దగ్గరగా శక్తినిస్తే, కె.టి.ఎం. ఆర్.సి. 390 సుమారు 43, యమహా ఆర్15 సుమారు 18 ఇస్తాయి. పైగా ఇవి తేలికపాటి బండ్లు. పెద్ద బండ్ల కోసం రూపొందిన ట్రాక్ కాంపౌండును ఇటువంటి బండికి తొడిగితే, నడిపేవారు ఎంత నేర్పరులైనా ఆ రబ్బరు పనిచేసే ఉష్ణోగ్రతకు చేరడం కష్టం. మెత్తటి రబ్బరు అన్న ఒక్క మాట పట్టుకొని ఎక్కువ డబ్బు పెట్టినవారికి చివరికి దక్కేది తక్కువ పట్టు.

బజారులో దొరికే టైర్లను ధర లెక్కన గాక ఈ వేడి లెక్కన వరుసలో పెట్టి చూస్తే అయోమయం చాలావరకు తగ్గుతుంది. ఒక కొసన స్పోర్ట్ టూరింగ్ టైర్లు ఉంటాయి: మిషెలిన్ రోడ్ 5, రోడ్ 6, పిరెలీ ఏంజెల్ జీటీ 2, మెట్జలర్ రోడ్‌టెక్ 01 ఈ కోవలోవి. త్వరగా వెచ్చబడటం, వానలో పనిచేయడం, చాలాకాలం మన్నడం వీటి గుణాలు. టి.వి.ఎస్. అపాచీ ఆర్ఆర్ 310 లాంటి స్పోర్ట్స్ బండికి 2020 మోడల్ నుంచి రోడ్ 5 టైర్లనే బిగించి అమ్మారంటే, టూరింగ్ అన్న పేరు చూసి వీటిని చిన్నచూపు చూడనక్కర్లేదని అర్థమవుతుంది. తరువాతి మెట్టు మీద రోడ్డు కోసమే చేసిన స్పోర్ట్ టైర్లు: పిరెలీ డయాబ్లో రోసో 3, రోసో 4, మిషెలిన్ పవర్ 5, మెట్జలర్ ఎం9 ఆర్ఆర్. ఆ పైన, రోడ్డు మీద వాడటానికి అనుమతి ఉన్నా ప్రధానంగా ట్రాక్ కోసం పుట్టినవి: డయాబ్లో సూపర్‌కోర్సా, పవర్ కప్ 2. వీటి అంచుల్లో గాట్లు దాదాపు ఉండవు. చివరి కొసన గాట్లే లేని స్లిక్ టైర్లు. వాటికి రోడ్డు మీద చోటు లేదు. ఎం.ఆర్.ఎఫ్. స్టీల్ బ్రేస్, అపోలో ఆల్ఫా హెచ్1, సియట్ స్పోర్ట్‌రాడ్, టి.వి.ఎస్. యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ లాంటి దేశీయ రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా పేర్చిన) టైర్లు ఎక్కువగా మొదటి రెండు మెట్ల పరిధిలోకి వస్తాయి. 150 నుంచి 400 సి.సి. బండ్లకు సరిపోయే సైజుల్లో, ఇక్కడి ఎండను, ఇక్కడి గతుకులను దృష్టిలో పెట్టుకొని చేసినవి కాబట్టి, విదేశీ పేరు లేదన్న ఒక్క కారణంతో వీటిని పక్కన పెట్టడం తెలివైన పని కాదు.

ఇక విశాఖ దారుల సంగతి. బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చే ఇసుకకు ఏ టైరూ విరుగుడు కాదు. అక్కడ పనికొచ్చేది నిదానం మాత్రమే. పోర్టు చుట్టుపక్కల, గాజువాక వైపు లారీల రద్దీ ఉండే రోడ్ల మీద బొగ్గు ధూళి, డీజిల్ చుక్కలు పేరుకొని ఉంటాయి. నాలుగు రోజులు ఎండ కాసిన తర్వాత పడే తొలి జల్లుకు ఆ రెండూ నీటితో కలిసి పలచటి జారుడు పొరగా మారతాయి. వాన జోరందుకుంటే ఆ పొర కొట్టుకుపోతుంది గాని, అప్పుడు నీటిని పక్కకు నెట్టి రబ్బరును తారుకు తాకించే పని గాట్ల మీద పడుతుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలతో మొదలయ్యే తడి, బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుఫాన్లు లేచే అక్టోబరు, నవంబరు దాకా సాగే ఊరు ఇది. ఏడాదిలో దాదాపు సగం కాలం వాన ఎదురయ్యే అవకాశం ఉన్నచోట, అంచుల్లో గాట్లు లేని టైరును రోజూ వాడటం అంటే ఆ సగం కాలాన్ని అదృష్టానికి వదిలేయడమే.

అరకు దారి ఇంతకన్నా సూక్ష్మమైన పరీక్ష పెడుతుంది. శీతాకాలంలో మంచు చూడాలని చీకటితో బయలుదేరే బైకుల వరుసకు ఇది మొదట్లో తెలియదు. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా బండి ఎక్కువసేపు నిటారుగానే సాగుతుంది కాబట్టి టైరులో రోడ్డును తాకేది నడుమ భాగం ఒక్కటే. ఆ భాగం చక్కగా వెచ్చబడుతుంది. చేత్తో తాకి చూసినవారికి టైరు సిద్ధంగా ఉందనే అనిపిస్తుంది. ఘాట్ మొదలై, తైడ దాటి, చెట్ల నీడలో మొదటి హెయిర్‌పిన్ మలుపు వచ్చి బండి వాలగానే నేలను తాకేది అంతదాకా పనే చేయని అంచు రబ్బరు. రోడ్డు మీద రాత్రి కురిసిన మంచు తడి ఆరి ఉండదు, పక్కన రాలిన ఆకులు ఉంటాయి. బండి, మనిషి కలిపి 240 కిలోలు అనుకుంటే వెనుక చక్రం మీద పడేది 125 కిలోల చిల్లర. 32 పి.ఎస్.ఐ. గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోల ఒత్తిడి. ఆ లెక్కన వెనుక టైరు నేలను తాకే చోటు స్థూలంగా 55 చదరపు సెంటీమీటర్లు, అంటే పెద్దవారి అరచేయంత కూడా ఉండదు. ఆ కొద్దిచోటులో చల్లటి రబ్బరు ఎంత పట్టు ఇవ్వగలదన్నదే అప్పుడు ప్రాణాధారమైన విషయం. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయే లంబసింగి వైపు వెళ్లేవారికి ఇది మరింతగా వర్తిస్తుంది. ఇటువంటి మలుపులో సూపర్‌కోర్సా కన్నా తక్కువ ధర స్పోర్ట్ టూరింగ్ టైరే మేలైనదని చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు.

ట్రాక్‌కు వస్తే లెక్కలు తారుమారవుతాయి. విశాఖవారికి అందుబాటులో ఉన్న ప్రధాన సర్క్యూట్ చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరుకు దగ్గరగా ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. దాని ల్యాపు, అంటే ఒక చుట్టు, పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే మరింత దూరం; 2023లో భారత మోటోజీపీ జరిగిన బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ దేశానికి ఆ చివర గ్రేటర్ నోయిడాలో ఉంది. చెన్నైకే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా సుమారు 800 కిలోమీటర్లు వెళ్లాలి. ట్రాక్ మీద రోజంతా కలిపి 40 ల్యాపులు వేసినా 150 కిలోమీటర్లు దాటదు. బండి మీదే వెళ్లి బండి మీదే తిరిగొస్తే రానుపోను 1600 కిలోమీటర్లు. విశాఖ రైడరు టైరు ఎంపికను శాసించాల్సింది నిజానికి ఈ నిష్పత్తే.

నేరుగా సాగే రహదారి మీద వందల కిలోమీటర్లు నడిచిన మెత్తటి వెనుక టైరు నడుమ అరిగి చదునవుతుంది. చూడటానికి అంచుల్లో రబ్బరు బోలెడంత మిగిలే ఉంటుంది. ఆ స్థితిలో ట్రాక్ మీద బండిని వాల్చినప్పుడు, చదునైన నడుమ భాగానికీ గుండ్రంగానే ఉన్న అంచుకూ మధ్య ఏర్పడిన గట్టు దాటేచోట బండి ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా లోపలికి ఒరిగిపోతుంది. ఎవరి నైపుణ్యంలోనో లోపమని అనుకునే ఈ తడబాటు చాలాసార్లు టైరు ఆకారం వల్ల వచ్చినదే. నడుమ గట్టి కాంపౌండు, అంచుల్లో మెత్తటి కాంపౌండు వేసి చేసే డ్యూయల్ కాంపౌండ్ టైర్లు పుట్టింది ఈ ఇబ్బందిని తగ్గించడానికే. ఒకే జత టైర్లతో రోడ్డు, రహదారి, ట్రాక్ మూడూ చేయాల్సినవారు మొదటి రెండు మెట్లు దాటకుండా, డ్యూయల్ కాంపౌండ్ రేడియల్ టైరును తీసుకోవడం అన్నివిధాలా మంచిది.

అటువంటి రోడ్డు టైరు ట్రాక్ మీద సరిపోతుందా అన్న సందేహం సహజం. ట్రాక్ మీద కొత్తగా, ఓ మోస్తరు అనుభవంతో నడిపేవారికి తప్పకుండా సరిపోతుంది, గాలి ఒత్తిడిని పట్టించుకుంటే. 30 డిగ్రీల దగ్గర 32 పి.ఎస్.ఐ. గాలి కొట్టించిన టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 36 దాటి 37కు దగ్గరవుతుంది. ఒత్తిడి పెరిగితే నేలను తాకే చోటు కుంచించుకుపోతుంది, పట్టు తగ్గుతుంది. అందుకే ట్రాక్ మీద చల్లటి టైరు ఒత్తిడిని రోడ్డు మీదకన్నా కొంత తగ్గించి మొదలుపెట్టి, సెషన్ ముగించుకొని పిట్‌లోకి రాగానే, టైరు చల్లారకముందే గేజీతో కొలిచి సరిచేసుకుంటారు. టైరు తయారీదారు ట్రాక్ కోసం చెప్పే అంకెలు ఎక్కువగా ఈ వేడి ఒత్తిడికి సంబంధించినవి. వాటిని పొద్దున చల్లటి టైరుకు నింపేస్తే లెక్క తప్పుతుంది. సొంత గేజీ ఒకటి కొనుక్కోవడం ఏ ఖరీదైన టైరు కన్నా ముందు చేయాల్సిన ఖర్చు. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ కంపెనీ చెప్పిన రోడ్డు ఒత్తిడికి నింపుకోవడం మరిచిపోకూడదు. తక్కువ గాలితో బరువు వేసుకొని రహదారి మీద వేగంగా వెళ్తే టైరు లోపల వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

చెన్నై ఎండలో తారు 50 డిగ్రీలు దాటి కాలడం మామూలే. ఆ తారు మీద వేగం పెంచుకుంటూ పోయే రైడరు ఒక దశలో రోడ్డు టైరు హద్దును చేరతాడు. అంచు రబ్బరు నీలి ఛాయతో మెరవడం, ఉండలు కట్టడం, సెషన్ చివర్లో బండి మలుపు బయటికి మెల్లగా జారుతున్నట్టు అనిపించడం దానికి గుర్తులు. అప్పుడు మాత్రమే ట్రాక్ టైరు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా ఉత్తమమైన మార్గం రెండో జత రిమ్ములు. ట్రాక్ టైర్లు వాటికి తొడిగి ఉంచుకొని, బండిని పికప్ వాహనంలోనో రైలు పార్సిల్‌లోనో పంపగలిగితే 1600 కిలోమీటర్ల రహదారి ఆ టైర్ల జోలికి రాదు. ఖర్చు మాట నిజమే గాని, నెల్లూరు చేరేలోగా చదునైపోయే ట్రాక్ టైరు కూడా ఖర్చే.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. రేసుల్లో, ట్రాక్ డేల్లో (సొంత బండిని సర్క్యూట్ మీద నడిపే రోజుల్లో) వాడి తీసేసిన టైర్లు చవకగా చేతులు మారుతుంటాయి. ట్రాక్ కాంపౌండు బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత గట్టిపడుతుంది. గాట్ల లోతు చూస్తే సగానికి పైగా మిగిలే ఉంటుంది, రబ్బరు గుణం మాత్రం పోయి ఉంటుంది. ఆ పోయినదాన్ని కంటితో పసిగట్టడం సాధ్యం కాదు కాబట్టి అటువంటి బేరానికి దూరంగా ఉండటమే క్షేమం.

సైజు విషయంలో ఉత్సాహం మరో దారిన పక్కదోవ పట్టిస్తుంది. ఆర్15 వెనుక 140/70-17 టైరు తీసేసి వెడల్పాటి 150/60-17 వేయించేవారు కనిపిస్తారు. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 140లో 70 శాతం 98 మిల్లీమీటర్లు. 150లో 60 శాతం 90 మిల్లీమీటర్లు. టైరు గోడ ఎత్తు 8 మిల్లీమీటర్లు తగ్గితే బండి వెనుక భాగం అంత కిందికి దిగుతుంది, ముందు ఫోర్కు మరింత వాలుగా అవుతుంది, హ్యాండిల్ మలుపుకు బద్ధకంగా స్పందిస్తుంది. వెనుక చక్రం చుట్టుకొలత తగ్గడంతో, రెండు చక్రాల వేగాన్ని పోల్చి వెనుక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లెక్కలు కూడా కదులుతాయి. రిమ్ము వెడల్పు మారదు కాబట్టి టైరు అంచులు లోపలికి నొక్కుకొని, పైభాగం మొనదేలుతుంది; నిలబెట్టినప్పుడు ఠీవిగా కనిపించే ఆ టైరు, వాల్చినప్పుడు నేలను తాకే చోటును పెంచకపోగా తగ్గించే అవకాశమే ఎక్కువ. కంపెనీ చెప్పిన సైజు వదలకపోవడం, ముందు వెనుక ఒకే మోడల్ జత వేయించడం, ఒక చక్రానికి రేడియల్, మరో చక్రానికి బయాస్ (లోపలి దారాలు ఏటవాలుగా పేర్చినది) కలపకపోవడం, ఈ మూడింటిలో రాజీ తగదు. టైరు గోడ మీద ఉండే వేగం గుర్తులు తేలికగానే గుర్తుంటాయి: ఎస్ అంటే గంటకు 180, హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల దాకా. బండికి నిర్దేశించిన అక్షరానికి తక్కువది వేయించకూడదు. ఎక్కువది వేయించినంత మాత్రాన పట్టు పెరగదు.

కొనేటప్పుడు టైరు గోడ మీద ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు తయారీ తేదీ చూడాలి. కోలగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి; 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుదైన సైజు కాబట్టి షాపులో ఏళ్ల తరబడి ఉండిపోయిన టైరును తగ్గింపు ధరకు ఇస్తామంటే ఆ అంకెలు చూశాకే మాట్లాడాలి. గాట్ల లోపల అరుగుదలను చూపేందుకు ఉండే టి.డబ్ల్యు.ఐ. గట్టు పైకి తేలితే టైరు పని అయిపోయినట్టే. ద్విచక్ర వాహనాలకు చట్టం చెప్పే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లే అయినా, వానాకాలం ముందు అంత అంచుదాకా లాగడం మంచిది కాదు.

సముద్రపు గాలి ఉన్న ఊరు కావడంతో ఇక్కడ మరో పని కలుస్తుంది. ఉప్పు గాలికి అల్లాయ్ రిమ్ము లోపలి అంచు పొరలుగా దెబ్బతిని, ట్యూబ్‌లెస్ టైరు సరిగా కూర్చోక, పంక్చర్ లేకపోయినా గాలి మెల్లమెల్లగా దిగిపోతూ ఉంటుంది. టైరు మార్చేటప్పుడే ఆ అంచును శుభ్రం చేయించి, వాల్వును కూడా కొత్తది వేయించుకుంటే ఆ బెడద తప్పుతుంది. రేడియల్ టైరును ఇనుప కమ్మీలతో పెకలించే చోట గాక, టైరు మార్చే యంత్రం, వీల్ బ్యాలెన్సింగ్ ఉన్న చోటే బిగించాలి. గోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశలో ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి తొలి 100 కిలోమీటర్లు గట్టి బ్రేకు, లోతైన వాలు లేకుండా, ఒక్కో మలుపుకు కొంచెం కొంచెం ఎక్కువ వాలుస్తూ నడపాలి. ట్రాక్ తేదీ ఖరారైనవారు బయలుదేరే ముందురోజు సాయంత్రం హడావుడిగా టైర్లు వేయించుకోవడం కన్నా, కనీసం వారం ముందే వేయించి, ఎండగా ఉన్న ఒక పగటిపూట సింహాచలం కొండ మలుపుల్లో నిదానంగా తిప్పి, మర్నాడు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గిందేమో ఒకసారి కొలిచి చూసుకోవాలి.